సిస్టం మార్చమంటే జనం ఎందుకు జంకుతారు: మా బాబాయి డి డ్రైవ్ కథ

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది కదా, సరిగ్గా ఆ వారమే నేను తెనాలిలో మా బాబాయి షాపుకి వెళ్ళా. డీటీపీ, జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ ఆ చిన్న గదిలోనే. అక్కడున్న సిస్టం 2016లో కొన్నది, ఆరో జనరేషన్ ఐ3. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి పైది అయ్యుండాలి. అంటే శుభ్రంగా నడుస్తున్న డబ్బా ఒక్క రూల్ వల్ల ముసలిదైపోయింది. నేను వెంటనే రంగంలోకి దిగిపోయి, "బాబాయ్, కొత్తది కొనడం ఎందుకు, విండోస్ బదులు లినక్స్ వేసేస్తా, ఫ్రీ, వైరస్ గోల తక్కువ, స్పీడుగా కూడా ఉంటుంది" అన్నా. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు, జిరాక్స్ తీస్తూనే, "అది వేశాక పొద్దున్నే పెళ్ళి కార్డు బేరం వచ్చి ఏదో ఆగిపోయిందనుకో, నువ్వు హైదరాబాద్ నుంచి వస్తావా?" అన్నాడు.

అప్పుడు నేను దాన్ని భయం అనుకున్నా. పాతకాలం మనిషి, కొత్తది నేర్చుకోడు, అంతే అనుకున్నా. ఆ రెండు రోజులు షాపులో కూర్చున్నాక అర్థమైంది, అది భయం కాదు, లెక్క. పైగా నా లెక్క కంటే ఆయనదే కరెక్టు.

మొదట ఫ్రీ అనే మాట సంగతి చూద్దాం, మనం లినక్స్ గురించి నోరు తెరిస్తే ముందు వచ్చేది అదే కాబట్టి. మన దగ్గర మామూలు మనిషికి విండోస్ ఎప్పుడు డబ్బులు పెట్టించింది చెప్పండి? ల్యాప్‌టాప్ కొంటే అందులోనే వస్తుంది, ధర విడిగా కనపడదు. లేదంటే విండోస్ లేకుండా ఫ్రీడాస్ తో వచ్చే చవక మోడల్ తెచ్చుకుని, పక్క వీధి కుర్రాడికి మూడొందలో ఐదొందలో ఇస్తే విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, తెలుగు ఫాంట్లు అన్నీ కలిపి వేసి ఇచ్చేవాడు. అది దొంగ కాపీ అని అందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు, నేను సమర్థించట్లేదు, జరిగింది చెప్తున్నా. అలాంటి చోట "ఇది ఫ్రీ" అంటే ఎవడికి ఊరట? రెండూ ఫ్రీయే అయినప్పుడు మనిషి చూసేది ఒక్కటే, చెడిపోతే ఎవడు బాగుచేస్తాడు. విండోస్ బాగుచేసేవాడు బజార్లో ఉన్నాడు, ఫోన్ చేస్తే బండి మీద వస్తాడు. లినక్స్ బాగుచేసేవాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అన్న కొడుకు, వాడు ఆదివారం మాత్రమే ఫోన్ ఎత్తుతాడు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇదే మా బాబాయి నోకియా ఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి మారినప్పుడు ఒక్క ప్రశ్న అడగలేదు. బటన్లు పోయాయి, మెనూలు పోయాయి, టైపింగ్ పూర్తిగా మారిపోయింది, ఆయన మాత్రం వారం తిరక్కుండా వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌లు పంపేశాడు. మరి కొత్త ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం, అంటే విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ లాంటివి) అంటే భయం అనే మాట ఎలా నిలబడుతుంది? తేడా ఎక్కడుందంటే, ఫోన్‌లో ఎవడూ ఓఎస్ మార్చడు, ఫోన్ మారుస్తాడు. పాతది డ్రాయర్లో అలాగే ఉంటుంది, కొత్తదాంట్లో ఏదన్నా తేడా కొడితే సిమ్ తీసి మళ్ళీ అందులో పెట్టుకోవచ్చు. వెనక్కి వెళ్ళే దారి తెరిచి ఉంటుంది. కంప్యూటర్‌లో మనం అడిగేది అది కాదు, నడుస్తున్న బండిలోనే ఇంజన్ మార్చుకోమంటున్నాం, అదీ అందులో ఇంటి సామానంతా ఉండగా. ఇంకో ఓఎస్ వేయడం అంటే జనానికి వినపడేది ఒకటే మాట, ఫార్మాట్. ఆ మాటకి మన ఊళ్ళలో ఉన్న అర్థం ఏంటంటే పాప చిన్నప్పటి ఫోటోలు పోవడం.

అందుకే డి డ్రైవ్. ఇది కంప్యూటర్ వాళ్ళు పట్టించుకోని విషయం గానీ మన జనం సిస్టంని అర్థం చేసుకున్న పద్ధతంతా దీని మీదే ఉంది. సి డ్రైవ్ కంపెనీది, పోతుంది, వస్తుంది, వైరస్ వచ్చినా ఫార్మాట్ కొట్టినా దానికే. డి డ్రైవ్ మనది. ఈ-డ్రైవ్‌లో సినిమాలు. ఈ ఏర్పాటు వాళ్ళకి ఎవరూ క్లాసులో చెప్పలేదు, ఒకటి రెండు సార్లు డేటా పోగొట్టుకున్నాక సర్వీస్ కుర్రాడు చెప్పింది. నేను ఒప్పించడానికి పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లైవ్‌లో బూట్ చేసి, ఏమీ చెరపకుండానే చూడొచ్చు బాబాయ్ అని స్క్రీన్ చూపించా. అందంగానే వచ్చింది, వైఫై కూడా కనెక్ట్ అయింది, నాకు గర్వంగా ఉంది. ఆయన ఒక్క నిమిషం మౌస్ తిప్పి, "డి డ్రైవ్ ఏది?" అన్నాడు. ఇందులో సి, డి అని ఉండవు బాబాయ్, అంతా ఒకే చెట్టులా ఉంటుంది, మిగతా డ్రైవ్‌లు దానికి కొమ్మల్లా తగులుకుంటాయి అని చెప్పడం మొదలుపెట్టా. వినడం మానేశాడు. పదేళ్ళ శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాల ఫైళ్ళు ఉన్న బీరువా గదిలో కనపడకపోతే, గది ఎంత బాగుందని చెప్పినా ఎవడు వింటాడు.

ఫైళ్ళు దొరికాయి, రెండు క్లిక్కుల్లో తీసి చూపించా. అసలు కథ అప్పుడు మొదలైంది. పేజీలు డిజైన్ చేసే అడోబ్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్ళు అవి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ ఇంకో పెద్ద వెర్షన్ తేలేదు, ఇన్‌డిజైన్ అనే కొత్తదాని వైపు వెళ్ళిపోయింది. కానీ తెలుగు డీటీపీ వెళ్ళలేదు, ఎందుకంటే పేజ్‌మేకర్‌కి జతగా తెలుగు ఫాంట్లు, టైపింగ్ చూసుకునే అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంది, ఆ రెండింటి మీదే చేతులు పడిపోయాయి. లినక్స్‌లో ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరవగలదు, ఆ సదుపాయం 2015లో వచ్చిన 4.4 నుంచి ఉంది, ఆ ధైర్యంతోనే ఒక శుభలేఖ తెరిచా. బొమ్మలు కొంత అటూ ఇటూ జరిగినా వచ్చాయి. అక్షరాలు మాత్రం ఇంగ్లీషు, గణితం గుర్తులు, చుక్కలు, గీతలు కలిసిన ఏదో పిచ్చి గీతల్లా వచ్చాయి. వధువు పేరు ఉండాల్సిన చోట రెండు కొటేషన్ గుర్తులు, ఒక డిగ్రీ గుర్తు. "ఇదేం భాషరా, ఈ పెళ్ళి ఎక్కడ జరుగుతోంది?" అని బాబాయి పగలబడి నవ్వాడు.

ఇది లినక్స్ తప్పు కాదు, విండోస్ గొప్పా కాదు. అను ఫాంట్లు యూనికోడ్ రాకముందు పద్ధతిలో పుట్టినవి. యూనికోడ్‌లో క అనే అక్షరానికి తనదైన నంబరు ఉంటుంది, ప్రపంచంలో ఏ మెషిన్‌లో తెరిచినా అది క అనే గుర్తు. అను ఫైల్‌లో దాచేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నంబర్లు. వాటి మీద ప్రియాంక, అనుపమ లాంటి ఫాంటు ముసుగు వేస్తే మనకి తెలుగులా కనపడుతుంది. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క, అన్నీ పక్కపక్కన పేర్చిన బొమ్మలు. ముసుగు తీస్తే లోపల ఉన్నది బయటపడుతుంది. కన్వర్టర్లు ఉన్నాయి, వాడితే చాలావరకు యూనికోడ్‌లోకి వస్తుంది కూడా, కానీ ఎక్కడో ఒక వత్తు జారిపోతుంది, ఎక్కడో సున్నా ఎగిరిపోతుంది. వార్తకైతే సర్దుకోవచ్చు, పెళ్ళి కార్డులో ఇంటిపేరు తప్పు పడితే వెయ్యి కార్డులు మళ్ళీ వేసివ్వాలి. అన్ని వేల ఫైళ్ళు మార్చి ప్రూఫ్ ఎవరు చూస్తారు? నేనైతే చూడను.

టైపింగ్ సంగతి మాత్రం నన్నే ఆశ్చర్యపరిచింది. డీటీపీ వాళ్ళలో చాలామంది వాడేది యాపిల్ కీబోర్డు, అంటే యాపిల్ కంప్యూటర్ కాదు, ఆ పేరుతో ఉన్న తెలుగు లేఔట్. లినక్స్‌లో ఎం17ఎన్ అనే లైబ్రరీలో ఆ యాపిల్ లేఔట్ కూడా ఉంది, ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో చేసి పెట్టారు. అది పెట్టి ఇచ్చా. బాబాయి కీబోర్డు వైపు చూడకుండా తెనాలి అని కొట్టాడు, తెనాలి అనే వచ్చింది. ఆ ఒక్క నిమిషం ఆయన మొహం వెలిగింది, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు కూడా. తర్వాత ప్రింట్ కొట్టాడు. రాలేదు.

ప్రింటర్ల కథ కూడా చెప్పాలి. చవకగా దొరికే లేజర్ ప్రింటర్లు చాలావాటిలో పేజీని అర్థం చేసుకునే తెలివి ప్రింటర్‌లో ఉండదు. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్‌లో డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ప్రింటర్ ఆ చుక్కల్ని కాగితం మీద కాల్చి ఇస్తుంది అంతే. అందుకే అది చవక. ఆ డ్రైవర్ ఏ ఓఎస్‌కి రాశారో అక్కడే ప్రింటర్‌కి ప్రాణం ఉంటుంది. కంపెనీ విండోస్‌కి బాగా రాసి, లినక్స్‌కి రాశామంటే రాశాం అన్నట్టు వదిలేస్తే, ఆ మెషిన్ అక్కడ బరువైన పెట్టె. కొత్తగా ప్రింటర్ కొనేవాళ్ళకి ఇది సమస్యే కాదు, డ్రైవర్ అవసరం లేకుండా పనిచేసేవి ఇప్పుడు బోలెడు. కానీ షాపులో ఉన్నది ఇదే, టోనర్ ఎక్కడ నింపించాలో ఆయనకి తెలిసిందీ ఇదే.

ఇంకా వేలిముద్ర మెషిన్ ఉంది, ఆధార్ పనులకి వాడేది. దానికి ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది ఎక్కువగా విండోస్‌కి, ఆండ్రాయిడ్‌కే దొరుకుతుంది. ఎదురు వీధి అకౌంటెంట్ గారికి ట్యాలీ ఉంది, అది విండోస్ ప్రోగ్రాం. ఆయన దగ్గర క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు డజన్ల కొద్దీ డ్రాయర్లో ఉంటాయి, గడువు తేదీ రోజు రాత్రి పదకొండింటికి టోకెన్ గుర్తుపట్టకపోతే ఆ మనిషికి బీపీ ఎంతకి వెళ్తుందో ఊహించుకోండి. అలాంటాయన ముందు నిలబడి ఓపెన్ సోర్స్ స్వేచ్ఛ గురించి మాట్లాడటం నా వల్ల కాదు.

టీచర్ల సంగతి చెప్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది, మన రెండు రాష్ట్రాల్లో టీచర్ ఉన్న ఇంట్లో అందరికీ తెలిసిందే. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే ఇన్‌కంటాక్స్ సాఫ్ట్‌వేర్ అని ఒక ఎక్సెల్ ఫైల్ చేతులు మారుతుంది, తోటి టీచర్ ఎవరో ఓపిగ్గా తయారు చేసి పెట్టింది. బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కొడితే ఫారాలన్నీ నిండి వచ్చేస్తాయి. పీఆర్‌సీ వచ్చినప్పుడు ఫిక్సేషన్‌కి ఇంకోటి. నిజంగా గొప్ప పని అది, జీతం లేకుండా చేసిన సాఫ్ట్‌వేర్. కానీ వాటిలో చాలావాటికి ప్రాణం మాక్రోల్లో, అంటే ఎక్సెల్ లోపల రాసిన చిన్న ప్రోగ్రాముల్లో ఉంటుంది, ఎనేబుల్ కంటెంట్ నొక్కితేనే బటన్లు పనిచేస్తాయి. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే ఆ మాక్రోలు కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు, ఏది నడవలేదో చాలాసార్లు మనకి తెలియదు. టాక్స్ లెక్కలో నమ్మకం లేని నంబరు కంటే నంబరు లేకపోవడమే నయం. స్టాఫ్ రూమ్‌లో అందరూ ఒకే ఫైల్ వాడుతుంటే ఒక్కడు వేరే ఓఎస్‌లో ఉండటం అంటే ఆ ఒక్కడు ప్రతి ఏడూ పక్కవాడి ల్యాప్‌టాప్ అడుక్కోవడం.

అందుకే నాకనిపించేది, మనం ఓఎస్ అని పిలిచేది డబ్బాలో ఉన్న ముక్క మాత్రమే. జనానికి ఓఎస్ అంటే బజారంతా. సర్వీస్ కుర్రాడు, ప్రింటర్ టోనర్, అను ఫాంట్లు, టీచర్ గారి ఎక్సెల్, వేలిముద్ర మెషిన్, కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చే ఫైల్, అన్నీ కలిసి ఒక సిస్టం. అందులోంచి ఒక్క ఇటుక లాగమంటే గోడ కదులుతుందని వాళ్ళకి తెలుసు, మనకి తెలియదు.

చేతి అలవాటు, కంటి అలవాటు సంగతి వేరే. ఇంగ్లీషు మెనూలు చాలామంది చదవరు, చోటుని గుర్తుపెట్టుకుంటారు. పై నుంచి మూడోది, ఎడమ చివర నీలం బొమ్మ, ఇలా. ఆ బొమ్మ రంగు మారినా, రెండు వేళ్ళు పక్కకి జరిగినా తెలిసిన ఊరు తెలియని ఊరైపోతుంది. ఇది కంపెనీకి కూడా దెబ్బ తగిలాకే తెలిసింది, 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేస్తే జనం ఎంత గోల చేశారంటే మరుసటి సంవత్సరం 8.1లో బటన్ వెనక్కి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒక్క బటన్. మరి తెలుగులో మెనూలు పెడితే సరిపోదా అంటారా, అవి ఎప్పట్నుంచో ఉన్నాయి, విండోస్‌కి ఉన్నాయి, లినక్స్‌కి కూడా స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ లాంటి వాళ్ళు ఎంతో కష్టపడి చేశారు. సమస్య ఏంటంటే ఫైల్ అనే మాట తెలుగు అయిపోయి చాలా కాలమైంది, అక్కడ దస్త్రం అని కనపడితే మా బాబాయి లాంటి తెలుగు డీటీపీ మనిషే తడబడ్డాడు. తెలుగు ఇంటర్‌ఫేస్ ఆయనకి ఇంకో కొత్త ఓఎస్.

మరి పెద్ద ఆఫీసులు ఎలా మారాయి, మారినవాళ్ళు ఉన్నారు కదా. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కి వెళ్ళాలని తీర్మానం చేసింది, అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ స్కీయింగ్ సెలవు మధ్యలో వదిలేసి మేయర్‌ని కలవడానికి పరిగెత్తాడు, అయినా వాళ్ళు ఆగలేదు. 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లు మారాయి. 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్దాం అని తీర్మానించారు. అందులో రాజకీయం ఉంది, ఐటీ విభాగాల గందరగోళం ఉంది, దాంతో పాటు విండోస్‌కే రాసిన ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు, బయటి ఆఫీసుల నుంచి వచ్చే డాక్యుమెంట్లు, ఈ పాత తలనొప్పులు కూడా ఉన్నాయి. అంటే మా బాబాయి సమస్యే, నగరం సైజులో.

ఫ్రాన్స్‌లో జాందార్మరీ అనే పోలీసు దళం మాత్రం తెలివిగా చేసింది. ముందు 2005లో విండోస్ మీదే ఉంటూ ఎంఎస్ ఆఫీస్ నుంచి ఓపెన్ఆఫీస్‌కి మారారు. తర్వాత బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కి థండర్‌బర్డ్. వాటికి చేతులు అలవాటు పడ్డాక 2008 నుంచి అడుగున ఉన్న విండోస్ తీసి ఉబుంటు అనే లినక్స్ పెట్టడం మొదలెట్టారు. అప్పటికి వాళ్ళ రోజువారీ పనంతా అవే ప్రోగ్రాముల్లో నడుస్తోంది కాబట్టి అడుగున నేల మారినా నడక మారలేదు. అక్కడి అధికారి ఒకాయన చెప్పిన పెద్ద తేడాలు రెండే, ఐకాన్లు, గేములు, పోలీసులకి గేములు ముఖ్యం కాదన్నాడు. వరస ఇదీ, ముందు అప్లికేషన్లు, చివర్లో ఓఎస్. మనం స్నేహితులకి చెప్పేటప్పుడు సరిగ్గా తలకిందులుగా చెప్తాం, ముందు ఓఎస్ ఎక్కించి తర్వాత దేనికి ఏం ప్రత్యామ్నాయం ఉందో వెతుక్కోమంటాం.

కేరళది ఇంకో దారి. అక్కడ ప్రభుత్వ స్కూళ్ళలో ఐటీ పాఠాలు చాలా ఏళ్ళుగా లినక్స్ మీదే. పిల్లలకి వదులుకోవాల్సిన పాత అలవాటే లేదు, టీచర్లకి ట్రైనింగ్ ఉంది, పుస్తకం దానికి తగ్గట్టే ఉంది, చెడిపోతే చూసే వ్యవస్థ ఉంది. అంటే ఓఎస్ ఒక్కటే మార్చలేదు, దాని చుట్టూ బజారు కూడా కట్టారు. మన దగ్గర అది లేకుండా ఒక్కొక్క మనిషి మీద ఆ బరువంతా పెట్టి, మారకపోతే బద్ధకం అంటున్నాం.

అలాగని పాత విండోస్ 10 మీద అలాగే కూర్చోమని నేను చెప్పట్లేదు. కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని సిస్టంలో బ్యాంకు పని చేయడం తలుపు గడియ లేని ఇంట్లో పడుకోవడమే. ఇంటి వాడకం వాళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా అదనపు అప్‌డేట్ల ప్రోగ్రాం ఒకటి మైక్రోసాఫ్ట్ పెట్టింది, బాబాయి సిస్టంని ముందు అందులో చేర్చా. ఊపిరి పీల్చుకోవడానికి ఒక ఏడాది. తర్వాత ఆ సిస్టంకి నెట్ పీకేసి పేజ్‌మేకర్‌కే వదిలేసి, ఆన్‌లైన్ పనులకి వేరే మెషిన్ పెట్టాలని ఆయన ప్లాన్. నేను చెప్పింది కాదు, ఆయనే ఆలోచించుకున్నాడు. ఏం మారాలో ఏం మారకూడదో ఆయన గీత గీసుకున్న తీరు చూస్తే నాకే సిగ్గేసింది.

పెన్‌డ్రైవ్ మాత్రం వేస్ట్ కాలేదు. ఇంట్లో మా పిన్ని దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, ఆన్ అవ్వడానికి ఐదు నిమిషాలు, బ్రౌజర్ తెరవడానికి ఇంకో ఐదు. అందులో ఆమె చేసేది యూట్యూబ్, అమెరికాలో ఉన్న చెల్లితో వీడియో కాల్, వాట్సాప్ వెబ్. ఫోటోలన్నీ రెండు చోట్ల కాపీ తీసి, ఆమె ఎదురుగానే తెరిచి చూపించి, అప్పుడు లినక్స్ ఎక్కించా. బ్రౌజర్ ఐకాన్‌ని అంతకుముందు ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే పెట్టా, డెస్క్‌టాప్ మీద మనవరాలి ఫోటో కూడా అదే. ఇది జరిగి నాలుగు నెలలైంది. మొన్న ఫోన్లో అడిగా, ల్యాప్‌టాప్ ఎలా ఉంది పిన్నీ అని. "బాగానే ఉందిరా, ఆ రోజు నువ్వు దుమ్ము దులిపి పెట్టావుగా, అప్పట్నుంచీ తొందరగా ఆన్ అవుతోంది" అంది.